వేయకుండా వదిలేసిన ఐటీ రిటర్నులు: ఏ ఏడాదికి ఏ దారి, ఎంత కట్టాలి, ఎలా వేయాలి

ఐటీ రిటర్ను గడువు దాటిపోయిందంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది 5,000 రూపాయల ఆలస్య రుసుము. నిజానికి మొత్తం నష్టంలో అది చిన్న ముక్క. గడువు దాటాక పాత పన్ను విధానం (80సి, ఇంటద్దె లాంటి మినహాయింపులు దొరికేది) ఎంచుకునే హక్కు పోతుంది. షేర్లలో వచ్చిన నష్టాన్ని రాబోయే ఏళ్లకు తీసుకెళ్లే వీలు పోతుంది. మరికొన్నాళ్లకు రావాల్సిన రిఫండ్ అడిగే దారి కూడా మూసుకుపోతుంది. ఇవేవీ నోటీసు రూపంలో ఇంటికి రావు కాబట్టి పోయినట్టు కూడా తెలియదు. అందుకే పాత బాకీ తేల్చుకోవాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది ఐటీ శాఖ పోర్టల్ తెరిచి ఫారం నింపడం కాదు. వదిలేసిన ప్రతి ఏడాదికీ ఏ దారి ఇంకా తెరిచి ఉందో, అది ఏ తేదీన మూతపడుతుందో కాగితం మీద రాసుకోవాలి.

ఇందులో చెప్పేది భారతదేశంలో ఉంటున్న వ్యక్తుల ఆదాయపు పన్ను రిటర్నుల గురించి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చినా, అంతకు ముందు ముగిసిన ఆర్థిక సంవత్సరాలకు 1961 చట్టమే వర్తిస్తుంది. కింద చెప్పిన సెక్షన్లన్నీ ఆ పాత చట్టంవే.

అసలు మీరు వేయాల్సిన వాళ్లేనా?

"పన్నేమీ పడదు కదా, రిటర్ను ఎందుకు?" అనుకోవడం దగ్గరే సగం మంది పొరపాటు పడతారు. రిటర్ను వేయాలా వద్దా అన్నది చివరికి కట్టాల్సిన పన్నును బట్టి తేలదు, మినహాయింపులు తీసేయకముందు ఉన్న ఆదాయాన్ని బట్టి తేలుతుంది. పాత విధానంలో ఆ పరిమితి 2.5 లక్షలు, 60 ఏళ్లు దాటితే 3 లక్షలు, 80 దాటితే 5 లక్షలు. కొత్త విధానంలో 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాలకు 3 లక్షలు, 2025-26కు 4 లక్షలు. సెక్షన్ 87ఏ రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల 7 లక్షల దాకా, 2025-26 నుంచి 12 లక్షల దాకా పన్ను సున్నా అయినా, ఆదాయం ఈ పరిమితి దాటితే రిటర్ను వేయాల్సిందే.

ఆదాయం తక్కువే అయినా వేయాల్సిన వాళ్లు కొందరున్నారు. ఆ ఏడాదిలో కరెంటు బిల్లు లక్ష దాటినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినా, కరెంట్ ఖాతాల్లో కోటికి మించి జమ చేసినా, సేవింగ్స్ ఖాతాల్లో 50 లక్షలు జమ చేసినా రిటర్ను తప్పనిసరి. వ్యాపారం టర్నోవరు 60 లక్షలు దాటినా, వృత్తి రాబడి 10 లక్షలు దాటినా అంతే. టీడీఎస్ (మీకు డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను), టీసీఎస్ (మీ దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు వసూలు చేసే పన్ను) కలిపి 25,000 కోత పడ్డవాళ్లూ వేయాలి, 60 దాటినవాళ్లకు ఈ హద్దు 50,000. విదేశంలో ఖాతా గానీ షేర్లు గానీ ఉన్న రెసిడెంటుకు (పన్ను లెక్కల్లో భారతదేశ నివాసికి) ఏ పరిమితీ లేదు, వేసి తీరాలి. ఈ జాబితాలో దేనికిందా రాకపోతే, ఆదాయమూ పరిమితి లోపే ఉంటే, ఆ ఏడాదికి మీరు వేయకపోవడం తప్పు కాదు. ఆలస్య రుసుమూ పడదు. ఆ ఏడాదిని జాబితాలోంచి కొట్టేయండి.

ఏడాదికో దారి

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. ఆదాయం వచ్చిన ఏడాది ఆర్థిక సంవత్సరం, దాని మరుసటి ఏడాది మదింపు సంవత్సరం. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి ఆర్థిక సంవత్సరం 2023-24, మదింపు సంవత్సరం 2024-25. పోర్టల్లో, చలానాలో అడిగేది మదింపు సంవత్సరాన్నే. గడువులన్నీ దాన్నుంచే లెక్క. ఇది తారుమారైతే కట్టిన డబ్బు వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది.

మొదటి దారి బిలేటెడ్ రిటర్ను, సెక్షన్ 139(4). జీతగాళ్లకు మామూలు గడువు జులై 31. అది దాటాక అదే ఏడాది డిసెంబరు 31 వరకు బిలేటెడ్ రిటర్ను వేయొచ్చు. 2025-26 ఆర్థిక సంవత్సరానికైతే 2026 డిసెంబరు 31. ఇందులో ఆలస్య రుసుము, వడ్డీ కట్టాలి గానీ అదనపు పన్ను ఉండదు. రిఫండ్ కూడా అడగొచ్చు. దారులన్నిటిలో ఇదే చవక. కాబట్టి ఏ ఏడాదికైనా ఇది తెరిచి ఉంటే ముందు ఆ పని చూడండి.

రెండోది అప్‌డేటెడ్ రిటర్ను, సెక్షన్ 139(8ఏ). 2022లో వచ్చింది. మొదట మదింపు సంవత్సరం ముగిశాక 24 నెలల వరకే అవకాశం ఉండేది, 2025లో దాన్ని 48 నెలలకు పెంచారు. అసలు రిటర్నే వేయనివాళ్లు కూడా దీన్ని వాడుకోవచ్చు. కాకపోతే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనపు పన్ను కట్టాలి. మదింపు సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వేస్తే 25 శాతం, 24 నెలల్లోపైతే 50 శాతం, 36 నెలల్లోపు 60 శాతం, 48 నెలల్లోపు 70 శాతం.

ఈ లెక్కన 2021-22 ఆర్థిక సంవత్సరానికి తలుపు 2027 మార్చి 31న మూతపడుతుంది. 2022-23కు 2028 మార్చి 31, 2023-24కు 2029 మార్చి 31, 2024-25కు 2030 మార్చి 31. కానీ ఆఖరి తేదీ కంటే ముఖ్యమైనది ఏటా వచ్చే మార్చి 31. ఆ రాత్రి దాటితే వదిలేసిన ప్రతి ఏడాదీ ఒక్కో మెట్టు పైకెక్కుతుంది. 2023-24 ఏడాదికి 2026 మార్చి 31 దాకా 25 శాతం, ఏప్రిల్ 1 నుంచి 50 శాతం. 2024-25 ఏడాదికి 2027 మార్చి 31 దాకా 25 శాతమే.

అప్‌డేటెడ్ రిటర్నుతో కుదరని పనులు స్పష్టంగా తెలుసుకోవాలి. దాంతో రిఫండ్ అడగలేరు. ఎప్పుడూ రిటర్ను వేయని ఏడాదికి నష్టం చూపిస్తూ వేయలేరు. ఒక ఏడాదికి ఒక్కసారే వేయగలరు, తర్వాత దిద్దుకునే అవకాశం లేదు. ఆ ఏడాదికి మదింపు (అధికారి మీ ఆదాయాన్ని పరిశీలించి తేల్చడం) నడుస్తున్నా, పూర్తయినా, సోదాలు జరిగినా ఈ దారి మామూలుగా దొరకదు. ఒక్కసారే అవకాశం కాబట్టి ఆదాయం ఏదీ మిగలకుండా తేల్చుకున్నాకే సబ్మిట్ నొక్కండి.

మూడోది ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవడం, సెక్షన్ 119(2)(బి). రావాల్సిన రిఫండ్ ఉండి, డిసెంబరు 31 దాటిపోయినవాళ్లకు ఇదే దారి. దాని సంగతి కింద విడిగా ఉంది.

కాగితాలు పోగేయడం

మీ ఆదాయం గురించి శాఖకు ఏం తెలుసో ముందు మీరు తెలుసుకోవాలి. పోర్టల్లోకి వెళ్లి ఆ ఏడాది ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక), టీఐఎస్ (దాని సారాంశం), ఫారం 26ఏఎస్ మూడూ దించుకోండి. 26ఏఎస్‌లో మీ పేరున జమైన టీడీఎస్, టీసీఎస్ ఉంటాయి. ఏఐఎస్‌లో సేవింగ్స్ వడ్డీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, డివిడెండ్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకాలు, ఆస్తి క్రయవిక్రయాలు, పెద్ద మొత్తంలో వేసిన నగదు కనిపిస్తాయి. ఒక ఏడాదిలో సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు నగదు వేస్తే బ్యాంకు, 30 లక్షలు దాటిన ఆస్తి రిజిస్ట్రేషన్ జరిగితే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఆ సమాచారం పంపుతాయి. ఏఐఎస్‌లో పడ్డ ఎంట్రీ తప్పయితే, అంటే అది మీ డిపాజిట్ కాకపోయినా, రెండుసార్లు పడినా, ఆ వరుస పక్కనే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. ముందు అక్కడ నమోదు చేసి తర్వాత రిటర్నులో సరైన అంకె వేయండి.

ఏఐఎస్‌లో లేని ఆదాయం ఆదాయం కాదనుకోకండి. అద్దె నేరుగా చేతికొచ్చినా, టీడీఎస్ కోయకుండా ఎవరైనా పని డబ్బు ఇచ్చినా అక్కడ కనిపించకపోవచ్చు. అందుకే ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు తీసుకుని జమ వైపు ఒక్కో వరుసా చూడాలి. విసుగు పుట్టించే పనే. కానీ అప్‌డేటెడ్ రిటర్నులో రెండో అవకాశం లేదు కాబట్టి ఈ ఓపిక తప్పదు. వీటితో పాటు కంపెనీ ఇచ్చే ఫారం 16లు (జీతం, టీడీఎస్ సర్టిఫికెట్లు), బ్రోకరు ఇచ్చే క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంటు, ఇంటి రుణం వడ్డీ సర్టిఫికెట్టు, ఎల్ఐసీ, పీపీఎఫ్ రశీదులు దగ్గర పెట్టుకోండి.

పాన్ ఆధార్‌తో లింకు అయిందో లేదో కూడా ఇప్పుడే చూడాలి. లింకు కాని పాన్ 2023 జులై 1 నుంచి పనిచేయనిదిగా లెక్క. రిఫండ్ రాదు, టీడీఎస్ ఎక్కువ శాతం కోస్తారు. 1,000 రూపాయలు కట్టి లింకు చేసుకోవాలి.

ఉద్యోగం మారిన ఏడాది: ఒక లెక్క దగ్గరగా

రిటర్ను వేయనివాళ్లకు పెద్ద బాకీ పడేది ఎక్కువగా ఇక్కడే. 2023-24లో ఒకాయన మొదటి ఆరు నెలలు నెలకు లక్ష జీతంతో ఒక కంపెనీలో చేశారనుకుందాం. అక్టోబరులో వేరే కంపెనీకి మారారు, అక్కడ మిగతా ఆరు నెలలకు 7 లక్షలు వచ్చాయి. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వలేదు.

మొదటి కంపెనీ ఏడాదికి 12 లక్షల జీతం అనుకుని, 50,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ నేరుగా ఇచ్చే తగ్గింపు) తీసేసి, 11.5 లక్షల మీద కొత్త విధానంలో 85,800 పన్ను లెక్కగట్టి ఆరు నెలలకు 42,900 కోసింది. రెండో కంపెనీ దృష్టిలో ఆయన ఏడాది జీతం 7 లక్షలే. 50,000 తీసేస్తే 6.5 లక్షలు, రిబేటుతో పన్ను సున్నా, ఒక్క రూపాయీ కోయలేదు. రెండు కంపెనీలూ ఎవరికివాళ్లు స్టాండర్డ్ డిడక్షన్, పన్నులేని మొదటి 3 లక్షల స్లాబు ఇచ్చేశాయి. అసలు లెక్కలో 13 లక్షల జీతం, 50,000 తీసేస్తే 12.5 లక్షలు. పన్ను లక్ష, 4 శాతం సెస్సుతో 1,04,000. కోసిన 42,900 పోను బాకీ 61,100.

ఇక వడ్డీలు. 234ఏ అంటే రిటర్ను ఆలస్యానికి వడ్డీ, గడువు మర్నాటి నుంచి రిటర్ను వేసే నెల దాకా నెలకు 1 శాతం. 234బి అంటే ముందస్తు పన్ను (ఏడాది నడుస్తుండగానే వాయిదాల్లో కట్టాల్సినది) కట్టనందుకు, మదింపు సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి నెలకు 1 శాతం. 234సి ముందస్తు పన్ను వాయిదాలు తప్పినందుకు. పై లెక్కకు 234సి 3,080 వస్తుంది, ఎప్పుడు వేసినా ఇది మారదు. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క.

ఆయన 2024 జులై 31లోపు వేసి ఉంటే 234బి నాలుగు నెలలకు 2,444 కలిపి మొత్తం 66,624తో అయిపోయేది.

2024 డిసెంబరు 31న బిలేటెడ్‌గా వేసి ఉంటే 234ఏ ఐదు నెలలకు 3,055, 234బి తొమ్మిది నెలలకు 5,499, ఆలస్య రుసుము 5,000. మొత్తం 77,734.

2026 మార్చిలో అప్‌డేటెడ్‌గా వేస్తే 234ఏ ఇరవై నెలలకు 12,220, 234బి ఇరవై నాలుగు నెలలకు 14,664. పన్ను, వడ్డీలు కలిపి 91,064. దాని మీద 25 శాతం అదనపు పన్ను 22,766, రుసుము 5,000. మొత్తం 1,18,830.

అదే ఏప్రిల్లో వేస్తే వడ్డీ ఒక్క నెలే పెరిగి పన్ను, వడ్డీలు 92,286 అవుతాయి. కానీ అదనపు పన్ను 50 శాతం, అంటే 46,143. రుసుముతో కలిపి 1,43,429. మార్చి 31కీ ఏప్రిల్ 1కీ మధ్య తేడా 24,599 రూపాయలు.

అదనపు పన్ను శాతం పన్ను, వడ్డీల మీదే పడుతుంది, ఆలస్య రుసుము మీద పడదు. కొంతమంది రుసుమును కూడా కలిపి ఎక్కువ కట్టేస్తుంటారు, గమనించుకోండి. ఆ రుసుము కూడా మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000.

ముందస్తు పన్ను సంగతిలో పెద్దవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 60 ఏళ్లు దాటి, వ్యాపారం గానీ వృత్తి గానీ లేని రెసిడెంట్లకు ముందస్తు పన్ను బాధ్యతే లేదు. కాబట్టి పెన్షన్, డిపాజిట్ వడ్డీలతో ఉండే అమ్మానాన్నల రిటర్నులు వేసేటప్పుడు 234బి, 234సి పడకుండా పుట్టిన తేదీ సరిగ్గా ఉందో చూసుకోండి.

పాత విధానమా, కొత్త విధానమా?

ఇది ఏడాదిని బట్టి తిరగబడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించేది. పాత విధానం కావాలంటే అసలు గడువులోపే ఎంచుకోవాలి. గడువు దాటి వేసేవాళ్లకు ఆ అవకాశం లేదు. అంటే 80సి కింద (ఎల్ఐసీ, పీపీఎఫ్ లాంటి వాటిలో) పెట్టిన లక్షన్నర, ఇంటద్దె మినహాయింపు, ఉంటున్న ఇంటి రుణం వడ్డీ, ఆరోగ్య బీమా ఏవీ చెల్లవు. ఇంటి రుణం, అద్దె రెండూ ఉన్న కుటుంబాలకు ఆలస్యం వల్ల పడే అసలు దెబ్బ ఇదే.

2021-22, 2022-23 సంవత్సరాలకు మాత్రం సంగతి వేరు. అప్పట్లో సహజంగా వర్తించేది పాత విధానం, గడువులోపు కోరుకుంటేనే కొత్తది. కాబట్టి ఆ రెండేళ్ల అప్‌డేటెడ్ రిటర్నుల్లో 80సి, 80డి (ఆరోగ్య బీమా), ఇంటి రుణం వడ్డీ అన్నీ చూపించుకోవచ్చు. రశీదులు ఉండాలి. పాత ఏళ్ల రశీదులు పారేయకముందే బీమా కంపెనీ, బ్యాంకు వెబ్‌సైట్ల నుంచి దించుకోండి.

నష్టాల విషయం కూడా చెప్పుకోవాలి. షేర్లు, ఆస్తి అమ్మకంలో నష్టం, వ్యాపార నష్టం రాబోయే ఏళ్లకు తీసుకెళ్లాలంటే గడువులోపు రిటర్ను వేసి ఉండాలి. ఇంటి ఆస్తి కింద నష్టానికి ఈ షరతు లేదు.

ఫారం ఎంపిక, సొమ్ము కట్టడం, వేయడం

జీతం, ఒక ఇల్లు, వడ్డీ మాత్రమే ఉండి ఆదాయం 50 లక్షల లోపైతే ఐటీఆర్-1. షేర్లు, ఫండ్లు, ఆస్తి అమ్మిన ఏడాది మామూలుగా ఐటీఆర్-2. ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు చేస్తే ఒక్క లాట్ అయినా సరే అది వ్యాపారం కింద లెక్క, ఐటీఆర్-3 వేయాలి. చిన్న వ్యాపారులు, డాక్టర్లు, లాయర్ల లాంటివాళ్లు అంచనా ఆదాయం చూపించేటప్పుడు ఐటీఆర్-4. 44ఏడి కింద టర్నోవరులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, 44ఏడిఏ కింద వృత్తి రాబడిలో 50 శాతం లాభంగా చూపిస్తే సరిపోతుంది, పుస్తకాలు అవసరం లేదు. పాత ఏళ్ల లెక్కల పుస్తకాలు లేనివాళ్లకు ఈ పద్ధతి ఊపిరి పోసినట్టే. అయితే అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి.

ఫారం తప్పుగా ఎంచుకుంటే 139(9) కింద లోపం ఉన్న రిటర్ను అని నోటీసు వస్తుంది. 15 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే వేయనట్టే అవుతుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఫారం మొత్తం నింపి, కట్టాల్సిన మొత్తం తెర మీద చూడండి. సేవ్ చేసి, ఈ-పే టాక్స్‌లోకి వెళ్లి మదింపు సంవత్సరం సరిగ్గా ఎంచుకుని, సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్, కోడ్ 300 కింద కట్టండి. చలానాలో ఏడంకెల బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ కోడ్), తేదీ, ఐదంకెల చలానా నంబరు ఉంటాయి. అవి రిటర్నులో ఎక్కించి, అదే నెలలో, వీలైతే అదే రోజు సబ్మిట్ చేయండి. డబ్బు 30న కట్టి రిటర్ను 1న వేస్తే 234ఏ మరో నెల పెరిగి, తేడా సొమ్ముకు మళ్లీ చలానా తీయాల్సి వస్తుంది. నెలాఖరు సాయంత్రం చెల్లింపు ఇరుక్కుంటే అదే జరుగుతుంది, అందుకే 25 లోపు పెట్టుకోవడం మంచిది.

మదింపు సంవత్సరం తప్పుగా పెట్టి కట్టేస్తే కంగారు పడకండి. పోర్టల్లోనే చలానా దిద్దే వీలుంది, కానీ ఏడాది మార్చుకోవడానికి 7 రోజులే గడువు. అది దాటితే అసెసింగ్ ఆఫీసరుకు (మీ ఫైలు చూసే ఐటీ అధికారికి) అర్జీ పెట్టాలి.

అప్‌డేటెడ్ రిటర్నులో ఇంకో భాగం అదనంగా ఉంటుంది. ఇంతకుముందు రిటర్ను వేశారా, ఇప్పుడు ఎందుకు వేస్తున్నారు, మదింపు సంవత్సరం ముగిసి ఎన్ని నెలలైంది అని అడుగుతుంది. ఎప్పుడూ వేయనివాళ్లు "రిటర్ను ఇంతకుముందు వేయలేదు" అన్న కారణం ఎంచుకోవాలి. నెలల గడి తప్పుగా ఎంచుకుంటే 25 శాతం బదులు 50 పడొచ్చు, అందుకని తేదీ లెక్కేసి మరీ చూసుకోండి. ఇక్కడ పన్నంతా ముందు కట్టాకే రిటర్ను. వాయిదాలు లేవు.

బిలేటెడ్ రిటర్ను విషయంలో చేతిలో అంత డబ్బు లేకపోతే ఏం చేయాలి? ఉన్నంత మేరకు వెంటనే కట్టేయండి, ఆ మేరకు 234బి వడ్డీ ఆగుతుంది. డిసెంబరు 31 ముంచుకొస్తుంటే పన్ను కొంత బాకీ ఉన్నా రిటర్ను వేయడం వేయకపోవడం కంటే మేలు, రిటర్ను వేయని నేరం అయినా మీ మీద ఉండదు. తర్వాత శాఖ రిటర్నును సరిచూసి, 143(1) కింద బాకీ కట్టమని డిమాండు పంపుతుంది. 30 రోజుల్లో కట్టకపోతే నెలకు 1 శాతం వడ్డీ. వాయిదాల కోసం 220(3) కింద అసెసింగ్ ఆఫీసరును అడగొచ్చు.

సబ్మిట్ చేశాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీ వస్తే ఒక నిమిషం పని. ఇది మర్చిపోయి ఇంకో ఏడాది చిక్కుల్లో పడేవాళ్లు తక్కువేం కాదు. 30 రోజులు దాటి వెరిఫై చేస్తే ఆ రోజే రిటర్ను వేసినట్టు లెక్క, అప్పటికి డిసెంబరు 31 దాటిపోతే రిటర్ను చెల్లదు.

రిఫండ్ ఉన్న పాత ఏళ్లు

టీడీఎస్ ఎక్కువ కోశారు, రిటర్ను వేయలేదు, డిసెంబరు 31 దాటింది. ఇలాంటప్పుడు అప్‌డేటెడ్ రిటర్ను పనికిరాదని పైన చెప్పుకున్నాం. పోర్టల్లో సర్వీసెస్ కింద కండోనేషన్ రిక్వెస్ట్ ఉంటుంది. అక్కడ గడువు దాటిన రిటర్నుకు అనుమతి కోరుతూ అర్జీ పెట్టాలి. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 అక్టోబరు 1న ఇచ్చిన సర్క్యులర్ 11/2024 ప్రకారం మదింపు సంవత్సరం ముగిశాక 5 ఏళ్ల దాకా ఇది పెట్టుకోవచ్చు. 2020-21 ఆర్థిక సంవత్సరానికైతే 2027 మార్చి 31 దాకా. కోటి రూపాయల లోపు రిఫండ్లను కమిషనర్, ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చాలని అందులో ఉంది.

అర్జీ తేలిగ్గా తిరస్కరణకు గురయ్యేది కారణం చెప్పే చోట. "తెలియక వేయలేదు" అని ఒక్క ముక్క రాస్తే నిలవదు. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి సమ్మరీ, కుటుంబంలో మరణం అయితే సర్టిఫికెట్టు, కంపెనీ టీడీఎస్ ఆలస్యంగా జమ చేస్తే 26ఏఎస్‌లో ఆ తేదీ కనిపించే పేజీ పెట్టాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏం జరిగిందో వరుసగా రాయండి. ఆ ఆదాయం మీదే అని, వేరొకరి చేతిలో పన్ను పడేది కాదని చూపించాలి. అనుమతి వచ్చాక 119(2)(బి) సెక్షన్ ఎంచుకుని రిటర్ను వేయాలి. ఆలస్యంగా వచ్చే ఈ రిఫండు మీద వడ్డీ ఇవ్వరు.

నోటీసు ముందే వచ్చి ఉంటే

142(1) కింద రిటర్ను వేయమని నోటీసు వస్తే అందులోని తేదీనే మీ గడువు. జవాబివ్వకపోతే తప్పిన ప్రతిసారీ 10,000 జరిమానా పడొచ్చు, చేతిలో ఉన్న సమాచారంతో అధికారే ఆదాయం నిర్ణయించేస్తారు. దాచిన ఆదాయం బయటపడితే 270ఏ కింద తక్కువ చూపినందుకు పన్నులో 50 శాతం, తప్పుగా చూపినందుకు 200 శాతం. దీంతో పోలిస్తే ముందే వేసుకునే అప్‌డేటెడ్ రిటర్నులో 25 శాతం ఎంత చవకో చూడండి. 148 కింద పాత ఏడాదిని తిరగతోడే నోటీసు మామూలుగా మదింపు సంవత్సరం ముగిశాక 3 ఏళ్ల 3 నెలల దాకా, తప్పిన ఆదాయం 50 లక్షలు లేదా అంతకు మించితే 5 ఏళ్ల 3 నెలల దాకా రావచ్చు. ఈ దశలో ఆడిటర్ గారిని కలవకుండా మీరే జవాబు రాయడం మంచిది కాదు.

కావాలని రిటర్ను వేయకపోతే 276సిసి కింద ప్రాసిక్యూషన్ కూడా ఉంది. కానీ టీడీఎస్, ముందస్తు పన్ను పోను బాకీ 10,000 దాటని వ్యక్తుల మీద, మదింపు సంవత్సరం ముగిసేలోపు రిటర్ను వేసినవాళ్ల మీద అది పెట్టరు. జైలుకు పంపిస్తారని ఫోన్లో బెదిరించేవాళ్ల మాట నమ్మకండి. నిజమైన నోటీసు మీద డిన్ (డాక్యుమెంట్ గుర్తింపు) నంబరు ఉంటుంది. లాగిన్ అవసరం లేకుండానే పోర్టల్ హోం పేజీలో ఆ నంబరుతో అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చు.

నాలుగైదు ఏళ్లు ఒకేసారి వేసేటప్పుడు

ఏ ఏడాది ముందు? బిలేటెడ్ గడువు ఇంకా ఉన్న ఏడాది ఉంటే అదే మొదట. తర్వాత మార్చి 31న మెట్టు మారే ఏళ్లలో పన్ను బాకీ ఎక్కువ ఉన్నది. 25 నుంచి 50కి ఎగబాకేది, 60 నుంచి 70కి పోయేదాని కంటే తొందర. ఆఖరి నెలల్లో ఉన్న ఏడాదిని మాత్రం మర్చిపోవద్దు. వ్యాపారం ఉన్నవాళ్లు లెక్కలు మాత్రం పాత ఏడాది నుంచే కట్టుకుంటూ రావాలి, ఎందుకంటే ఒక ఏడాది ముగింపు సరుకు, తరుగుదల, అప్పుల నిల్వలే తర్వాతి ఏడాదికి ప్రారంభ నిల్వలు.

ఇన్ని ఏళ్ల బాకీ కడుతూ నడుస్తున్న ఏడాదిని వదిలేస్తే మళ్లీ అదే గుంటలో పడతారు. టీడీఎస్ పోను పన్ను 10,000 దాటేలా ఉంటే జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం కట్టేయాలి. ఉద్యోగం మారితే పాత కంపెనీ జీతం, టీడీఎస్ వివరాలు రాసి కొత్త కంపెనీకి ఇవ్వండి, 1961 చట్టం కింద దీనికి వాడింది ఫారం 12బి. పైన చూసిన 61,100 బాకీ ఆ ఒక్క కాగితంతో పుట్టకుండా పోయేది.

ప్రతి రిటర్నుకూ అక్నాలెడ్జ్‌మెంటు, చలానా, లెక్క వేసిన కాగితం ఒకే ఫోల్డరులో పెట్టండి. ప్రాసెస్ అయ్యాక 143(1) ఇంటిమేషన్ మెయిలుకు వస్తుంది. అందులో రెండు కాలమ్‌లు ఉంటాయి, ఒకటి మీరు వేసిన లెక్క, రెండోది శాఖ వేసిన లెక్క. వరుస వరుసా పోల్చి చూడండి. ఎక్కువగా తేడా వచ్చేది టీడీఎస్ దగ్గర, వడ్డీ నెలల దగ్గర. శాఖ లెక్క సరైతే 30 రోజుల్లో కట్టేయండి. తప్పయితే పోర్టల్లో 154 కింద సవరణ కోరండి, దానికి ఆ ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 4 ఏళ్ల సమయం ఉంది.